దారిలో తాగుతానన్న బొండం

"ఈయాల దార్లో కాదు మావా. నా కళ్లెదురుగా తాగు."

"తాగీసినానే. ఇదిగో సూడు, సుక్క మిగల్నేదు. ఇంకనైనా నవ్వు."

"నవ్వుతాను గానీ బేగి వచ్చీ. పరవాన్నం సల్లారిపోద్ది."

మా ఇద్దరి మధ్యా ఆఖరి మాటలు ఇవే. రథసప్తమి పొద్దున. వాకిట్లో పిడకల మీద పాలు పొంగి, చిక్కుడాకుల్లో పరమాన్నం పెట్టి ఉంది. ఆయన ఖాళీ బొండాన్ని తలకిందులుగా పట్టి చూపించాడు, బండి ఎక్కాడు, వెళ్లాడు. మధ్యాహ్నానికి ఆయన లేడు. ముప్పై మూడేళ్లు. పాపకి ఆరు.

ఆ నీళ్లు తాను తాగకూడదని ఆయనకు తెలుసు. నాకు తెలియదు. నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే. మిగిలిందంతా దీని చుట్టూ ఉన్నదే.

రాస్తున్నది నా ఆడపడుచు, ఆయన చెల్లెలు. పదో తరగతి పాసయింది. నాకు సంతకం పెట్టడం వచ్చు. బస్సు మీద పలాస అని ఉంటే పోల్చుకుంటాను. టెక్కలి అని ఉన్నా పోల్చుకుంటాను, అది పుట్టింటి దారి గనక. అంతకుమించి అక్షరమంటే నాకు నల్లచీమల బారు. నేను చెబుతున్నాను, ఆమె రాస్తోంది. రేపు పాప చదువుకోవాలి, పుస్తకాల్లో ఉండేటట్టు రాయమన్నాను. మనుషులు మాట్లాడుకున్న చోట మాత్రం ఉన్న మాట ఉన్నట్టే రాయమన్నాను. ఆయన మాట మారిస్తే అది ఆయన మాట కాదు.

మాది టెక్కలి దాటాక ఊరు. మా అక్కను ఉద్దానం ఇచ్చారు. కొబ్బరి తోటలు, జీడి తోటలు, గాలి చల్లగా తగిలే ఇల్లు, ఇంకేం కావాలి అనుకున్నారు. మూడో ఏడు బావకు ఆ ఊళ్లను పట్టిన కిడ్నీ జబ్బుతో కాళ్లు వాచాయి. ఐదో ఏడు అక్క బొట్టు లేకుండా పుట్టింటికి వచ్చింది. అందుకని నన్ను చూడటానికి ఉద్దానం నుంచి ఇప్పటి మా అత్తింటివాళ్లు వచ్చినప్పుడు మా అమ్మ గుమ్మం లోపలికి రానివ్వలేదు.

"పిల్లని సూడ్డానికి వచ్చినారా, పిల్లని పాతెయ్యడానికి వచ్చినారా? పెద్ద గుంటని ఇచ్చినాం, సాలు."

వాళ్లేమీ కోపం తెచ్చుకోలేదు. ఇలా అంటారని తెలిసే వచ్చారు. సంచిలోంచి రక్తం కాగితం తీశారు. మా వైపు ఇది మామూలైపోయింది. అబ్బాయిది ఉద్దానమైతే జాతకం కంటే ముందు రక్తం కాగితం అడుగుతారు. మా మేనమామ కళ్లజోడు పెట్టుకుని చదివి, అంతా బాగుందన్నాడు. ఆ రోజు ఆ కాగితం నిజమే. ఈ మాట ఆడపడుచు చేత నేను కావాలనే రాయిస్తున్నాను, పెళ్లికి అబద్ధం ఆడారని ఎవరూ అనకూడదు. అబద్ధం తర్వాత వచ్చింది.

పెళ్లైన కొత్తలో పక్కవీధిలో ఎవరికో ఆ జబ్బు బయటపడింది. ఆ సాయంత్రం అన్నం పెడుతూ నేనొక మాట అన్నాను.

"నీకది వచ్చిందంటే నానుండను మావా. అక్కలాగ సాకిరీ సేసి సేసి, ఆకరికి బొట్టు తీయించుకోడం నా వల్ల కాదు. పుట్టిన గుంటని సంకనేసుకుని టెక్కలి బస్సెక్కెత్తాను."

"ఎక్కు. టికెట్టు నానే తీత్తాను. కిటికీ పక్క సీటు."

ఇద్దరం నవ్వుకున్నాం. చేపల పులుసు ఇంకొంచెం వేయించుకున్నాడు. ఆ మాట నేను ఆ గిన్నెతోపాటే కడిగేసుకున్నాను. ఆయన దాచుకున్నాడు.

ఆయన పని కాశీబుగ్గలో, జీడిపిక్కల యూనిట్‌లో బాయిలరు దగ్గర. పిక్కలకు ఆవిరి పెట్టాలి. తెల్లారకముందే బాయిలరు వేడెక్కి ఉండాలి. అందుకని మా ఇంట్లో పొద్దు అంటే మూడున్నర. ఆయన నూతి దగ్గర నీళ్లు పోసుకుని, తడిబట్టతో తూర్పుకి తిరిగి దోసిలి పట్టి నిలబడేవాడు. దొరికిన నాలుగు నిమిషాలే పూజ. మాకు పూజగది లేదు, బియ్యం డబ్బా మీద పటం ఒకటి ఉంది. ఆయనకు దేవుడంటే పటంలో ఉండేవాడు కాదు, పైకి వచ్చేవాడు. మొదట్లో నేను వెటకారం చేసేదాన్ని.

"సూరీడు ఇంకా రానేదు కదా, ఎవరికి మావా ఆ దండం?"

"బయల్దేరుంటాడే. దార్లో ఉంటాడు."

తర్వాత లోపలికి వచ్చి, నిద్రలో ఉన్న పాప అరికాలు మీద తడి వేలు ఒకటి ఆనించేవాడు. అది నిద్రలోనే కాలు ముడుచుకునేది. ఆయనకు అదొక సరదా. పాప లేచేసరికి ఆయన ఉండడు, సాయంత్రం ఆయన వచ్చేసరికి అది సగం నిద్రలో ఉంటుంది. "పొద్దున నానొచ్చి నీ కాలు ముట్టుకున్నానే" అంటే, "అబద్దం, నాకు తెల్నేదు" అనేది. ఆదివారం మాత్రం బండి మీద ముందు కూర్చోబెట్టుకుని సముద్రం దాకా తీసుకెళ్లేవాడు. ఇద్దరూ ఇసకతో వచ్చి ఇల్లంతా ఇసక చేసేవారు.

పాపకి ఐదు నిండాక జ్వరం పట్టుకుంది. తొమ్మిది రోజులు దిగలేదు. దిగాక, అంటే ఇంకో వారానికి, ఆయన పని నుంచి ఆలస్యంగా వచ్చి గోడకు ఆనుకుని కూర్చుని చెప్పాడు.

"గుంట కోసరం మొక్కుకున్నానే. రతసప్తమి దాకా ఉప్పు ముట్టను. ఏడాది."

ఆదివారం ఉప్పు మానడం మాకు తెలుసు. సూర్యుడికి మొక్కుకున్నవాళ్లు చాలామంది చేస్తారు. ఏడాదంతా మానడం నేను వినలేదు. అయినా బిడ్డ కోసం అన్నాడు కదా. మా ఇంటి పద్ధతి ఏమంటే మొగుడు మొక్కుంటే పెళ్లానికి వేరే కూర ఉండదు. ఒకటే కుండ. నేనూ మానేశాను. ఉప్పుడబ్బా పాప కంచం పక్కకు పోయింది. ఉప్పు లేని చేప తిన్నారా మీరెప్పుడైనా? బురద నములుతున్నట్టుంటుంది. చారు వేడినీళ్లలా ఉంటుంది. చద్దన్నంలో పచ్చిమిరపకాయ కొరుక్కుని, కళ్లలోంచి నీళ్లు కారితే ఆ ఉప్పు పెదవికి తగిలేది. నవ్వొచ్చేది. ఏడాది తిన్నాను. ఇద్దరం కలిసి బిడ్డను మోస్తున్నట్టు ఉండేది నాకు. పెళ్లయ్యాక ఆయనకు నేను అంత దగ్గరగా ఎప్పుడూ లేను. ఆ ఏడాదే ఉన్నాననుకున్నాను.

మొక్కులో ఇంకోటి కూడా పెట్టాడు. సప్తమి వచ్చినప్పుడల్లా సముద్ర స్నానం చేసి, అటునుంచి అటే పనికి వెళ్లాలని. పదిహేను రోజులకొకసారి సప్తమి. ఆ రోజు ఇంకా ముందే లేచేవాడు. నేను ఎర్రపూలు, కుంకం పొట్లం, తువ్వాలు సంచిలో పెట్టి ఇచ్చేదాన్ని. ఆ పూలు ఎక్కడ పారేశాడో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయన వెళ్లింది సముద్రానికి కాదు, పలాస ఆసుపత్రికి. ముందు వెళ్తే ముందు చీటీ ఇస్తారు, రక్తమిచ్చి, డాక్టరుకు చూపించుకుని, ఒకపూట ఆలస్యంగా యూనిట్‌కు వెళ్లొచ్చు.

నాకు అనుమానం రాలేదని కాదు. సముద్రంలో తడిసిన తువ్వాలు ఆరాక కర్రలా బిగుస్తుంది, దులిపితే తెల్లగా రాలుతుంది. సముద్రం పక్క ఊళ్లో కాపురం చేస్తున్నదాన్ని, నాకు తెలియదా? ఆ తువ్వాలు మెత్తగా వచ్చేది. యూనిట్ కుళాయి దగ్గర జాడించి ఉంటాడులే అనుకున్నాను. ఒకసారి సప్తమి ఆదివారం నాడు వచ్చింది. ఆదివారం సప్తమి కలిస్తే సూర్యుడికి అంతకంటే మంచిరోజు ఉండదు. ఆ రోజే ఆయన పడుకుండిపోయాడు.

"లేవవేటి మావా? ఈయాలే కదా ఎల్లాల?"

"ఒల్లు నొప్పులే. దేవుడు అర్దం సేసుకుంటాడు."

దేవుడు అర్థం చేసుకునే ఉంటాడు. ఆదివారం డాక్టరు చూడరు.

తర్వాత కాళ్లు. శీతకాలం మొదట్లో చెప్పు బిగుతయ్యిందన్నాడు. నేను మడమ దగ్గర వేలితో నొక్కాను. గుంట పడింది. వేలు తీసినా అలాగే ఉండిపోయింది. బావ కాలు అలాగే ఉండేది, అక్క అలాగే నొక్కి చూసేది.

"బాయిలరు కాడ నిలబడి నిలబడి. వేడి సేసింది" అన్నాడు.

మర్నాడు చొక్కా ఉతకబోతుంటే జేబులో మడత పెట్టిన కాగితం దొరికింది. తెల్ల కాగితం, అడ్డంగా గీతలు, అంకెలు. అంకెలు నాకు తెలుసు, అవి ఏ అంకెలో తెలియదు. సబ్బు చేతిని చీరకు తుడుచుకుని, కాగితం జాకెట్టులో పెట్టుకుని, పరుగెత్తినట్టే వెళ్లాను. ఎక్కడికి? ఆడపడుచు ఇంటికి. మా వీధి చివర, రోడ్డెక్కే మలుపు దగ్గర వాళ్ల ఇల్లు. ఊళ్లో నాకు నమ్మకంగా చదివిపెట్టేది ఆమే. రేషన్ కాగితమైనా, బడి కాగితమైనా ఆమే చదివేది.

"ఏటిది? కిడ్నీ కాగితమేటి? దాపరికం నేకుండా సెప్పు."

ఎప్పుడూ కూర్చుని చదివేది. ఆ రోజు నిలబడే చదివింది. కింది వరస మీద బొటనవేలు ఉంది.

"కిడ్నీ కాదు వదినా, నీకన్నీ బయమే. యూనిట్ల పనోలందరికీ రక్తం తీసినారట. అన్నీ బాగున్నాయట. రక్తం కాత్త తక్కువట, అంతే."

"నిజమేనా?"

"నిజమే వదినా."

"నిజమే" అన్నప్పుడు దాని గొంతు కిందికి జారింది, నూతిలోకి బాల్చీ జారినట్టు. నేను విన్నాను. విని కూడా, సంతోషంలో పట్టించుకోలేదు. ఇంటికొచ్చి పటానికి దండం పెట్టుకుని, పాపను ఎత్తుకుని గిరగిరా తిప్పాను. అంత సంతోషం.

ఇక్కడ ఆమె రాయడం ఆపింది. కలం మూత పెట్టింది, మళ్లీ తీసింది.

"ఇది కూడా రాయాలా వదినా?"

"రాయి. ఇదే రాయాల."

జబ్బు కాదని తేలింది గనక, అది వేడే. వేడి చేసినవాడికి మా తోటల్లో మందు ఏమిటో పసిపిల్లనడిగినా చెబుతుంది. బొండం నీళ్లు. ఒక్కటి మాత్రం పాప బాగా వినాలి. కిడ్నీ జబ్బున్నవాళ్లకు బొండం నీళ్లు ఇవ్వకూడదని నాకు తెలుసు. బావకు అక్క ఆపేసింది. ఇంటి చుట్టూ కొబ్బరిచెట్లే ఉండి, బొండం కోసం బావ చిన్నపిల్లాడిలా అడిగేవాడట. నాకు తెలుసు. ఆ కాగితంలో ఉన్నది ఉన్నట్టు చదివి ఉంటే, నా చేత్తో నేను బొండం కొట్టి ఇస్తానా?

రోజూ కొట్టాను. తెల్లవారుజామున, పొయ్యి వెలుగులో. నా కత్తి వేటు వేరు. మూడు దెబ్బలు, మూత తెగిపడకుండా ఒక పక్క పీచుతో వేలాడాలి, చెత్త పడకుండా మళ్లీ మూసుకోవచ్చు. మా నాన్న నేర్పాడు. ఊళ్లో ఇంకెవరూ అలా కొట్టరు. ఆయన చేతికిస్తే తీసుకునేవాడు, సంచిలో నిలబెట్టుకునేవాడు.

"సలిగా ఉందే. దార్లో తాగుతాను."

రోజూ అదే మాట. ఎప్పుడూ వద్దనలేదు. వద్దంటే నేను ఎందుకని అడుగుతాను కదా.

ఇప్పుడు ఆ చెట్టు సంగతి. పాప పుట్టిన ఏడు, తుఫానుకు పడిపోయిన చెట్టు మొదలు తవ్వి తీసి, ఆ గోతిలోనే ఆయన మొక్క నాటాడు. చెట్టు పాప పేరు మీద ఉంది, దాన్ని పాపే అడుగులతో కొలిచేది. ఆ శీతకాలం తొలి గెల వేసింది. తొలికాపుకు మా వైపు ఒక పట్టింపు ఉంది. తొలి బొండం నాటినవాడే తాగాలి. చెట్టు కిందే, తూర్పుకి తిరిగి. ఖాళీ అయ్యేదాకా నేల మీద పెట్టకూడదు, పారబోయకూడదు. పారబోస్తే చెట్టు గొడ్డుబోతుందంటారు. రథసప్తమికి మొక్కు తీరుతుంది, ఆ రోజుకే తొలికాపు దించుదామని నేనే అన్నాను. అన్నీ ఒక్కరోజున కలిసొచ్చాయని మురిసిపోయాను. ఆయన "అలాగే" అన్నాడు. ఆలోచించి అన్నాడో, మాటకి అన్నాడో.

ఆ పొద్దున సముద్రం వద్దు, అందరం నూతి దగ్గరే పోసుకుందామన్నాడు. పాపను కూడా లేపాను. ముగ్గురం తలమీద, భుజాలమీద జిల్లేడాకులు పెట్టుకుని నీళ్లు పోసుకున్నాం. పాప ఆకు జారిపోతుంటే ఆయన పట్టుకుని నవ్వుతున్నాడు. ముఖం ఉబ్బి ఉంది, ఊపిరి కొంచెం బరువుగా తీస్తున్నాడు. ఏడాది ఉప్పు లేకుండా తిని నీరసించాడు, రేపటినుంచి బాగా పెట్టాలి అనుకున్నాను. బొండం కొట్టి ఇచ్చాను. ఆయన రెండు చేతులతో పట్టుకుని, ఆ కన్నంలోకి చూస్తూ నిలబడ్డాడు. చాలాసేపు చూశాడు. నేను దేవుడిని తలుచుకుంటున్నాడనుకున్నాను. తాగాడు.

"ఇంక సాల్లే."

అప్పటికే నేను రెండోది కొట్టి పాప చేతికిచ్చాను. బరువుకి దాని చేతులు వణుకుతున్నాయి.

"అమ్మదే తాగుతావా నాన్నా? నాది తాగవా? నా సెట్టు."

ఆయన నా వైపు చూశాడు. ఆ చూపు నాకు ఇప్పుడు అర్థమవుతుంది. అప్పుడు నేను ముఖం ముడుచుకుని నిలబడి ఉన్నాను, మూడు నెలలుగా దారిలో అంటున్నాడు, ఎక్కడ తాగుతున్నాడో ఏమో, పండగపూట బిడ్డ ఇస్తే కూడా బేరమా అని. అప్పుడే ఆ మాట అన్నాను. ఈయాల దార్లో కాదు మావా. ఆయన పాప చేతిలోది అందుకున్నాడు. పైన చెప్పిన మూడు మాటలూ అయ్యాయి. బండి ఎక్కి వెళ్లిపోయాడు. పండగైనా బాయిలరు ఆగదు. మధ్యాహ్నానికి వస్తానన్నాడు.

యూనిట్ నుంచి ఫోను వచ్చేసరికి పదిన్నర అయింది. పడిపోయాడన్నారు. నేనూ ఆడపడుచూ ఆటోలో పలాస వెళ్లేసరికి అయిపోయింది. గుండె ఆగిపోయిందన్నారు. డాక్టరమ్మది చిన్న వయసు, మెల్లగా మాట్లాడింది. పొద్దున ఏం తిన్నాడు, ఏం తాగాడు అని అడిగింది.

"ఏటీ తిన్నేదమ్మా. రెండు బొండాలు తాగినాడు."

ఆమె రాస్తున్నది ఆపి నా ముఖం చూసింది. "తాగొద్దని చెప్పాం కదమ్మా. ఎన్నిసార్లో చెప్పాం" అంది. ఎవరికి చెప్పారు అని నేను అడగబోయాను. ఇంతలో నా పక్కనుంచి ఆడపడుచు ఆయన మీద పడిపోయింది.

"ఈయాలెందుకు తాగీసినావు అన్నియ్యా! అన్నీ నాకిచ్చీసి ఇదెందుకు తాగీసినావు!"

అలా తెలిసింది నాకు. భర్త పోయిన క్షణంలో, ఆయన పోవడం కంటే ముందు ఆ మాట నా చెవిలో దూరింది. నాకు ఏడుపు రాలేదు. చుట్టూ ఉన్నవాళ్లు ఇప్పటికీ అంటారు, ఆవిడ ఏడవలేదని.

డాక్టరమ్మ పుస్తకం తెచ్చి చెప్పింది. ఏడాదికి పైగా వస్తున్నాడు. డయాలసిస్ మొదలుపెట్టాలి, భార్యను తీసుకురా, మాట్లాడాలి అని మూడుసార్లు చెప్పారట. రథసప్తమి వెళ్లాక తీసుకొస్తానన్నాడట. ఆ నీళ్లవల్లే పోయాడా అని అడిగాను. "నీళ్లవల్లేనని చెప్పలేనమ్మా, కాదని కూడా చెప్పలేను. గుండె అప్పటికే ఏ రోజైనా ఆగిపోయేలా ఉంది" అంది. ఆ మాట కూడా ఉన్నది ఉన్నట్టే రాయించాను.

పదకొండో రోజు భోజనాలు ఆడపడుచు ఇంట్లో పెట్టారు, కూరల్లో ఉప్పు వేశారు. మొదటి ముద్దకే నాలుక మీద కొట్టినట్టయింది. ఉమ్మేసి, చెయ్యి కడుక్కోవడానికి ఆడపడుచు పెరట్లోకి వెళ్లాను. అక్కడ, గోడవారన, కట్టెలకోసం ఆరబెట్టిన బొండాలు. కుప్ప. నా మోకాలి ఎత్తు. ప్రతిదానికీ మూత ఒక పక్క పీచుతో వేలాడుతోంది. మూడు దెబ్బలు.

ఒక్కొక్కటి తీసి పక్కన పెట్టాను. ఎంతసేపు తీశానో. ఇది ఆయన జలుబన్న రోజుది, ఇది పాప బడిలో పడిన రోజుది అనుకుంటూ. ఎనభై దాటాక లెక్క తప్పింది. ఆడపడుచు గుమ్మంలో నిలబడి ఉంది.

"ఎవరివే ఇవి?"

అది కుప్ప వైపు చూసి, గుమ్మం దిగింది.

"నా సేతి బొండాలు నీ గోడ కాడెందుకున్నాయే?"

"రోజూ ఇక్కడ ఆగి ఇచ్చీసీవోడు వదినా. పారబోత్తే నీ సెయ్యి నొచ్చుకుంటాదట. తాగు, ఆరబెట్టుకో అన్నాడు."

"మరి నాకెందుకు సెప్పనేదే? కాగితం సదవమంటే సదివినావు కదే!"

"ఒట్టేయించుకున్నాడు వదినా. గుంట మీద ఒట్టు."

"ఎవరి గుంట మీద?"

"నీ గుంట మీదే. వదిన టెక్కలి బస్సెక్కెత్తాది, నాకు గుంటని సూపించదు, కొన్నాల్లుండనీ అన్నాడు."

నా బిడ్డ మీద ఒట్టు. నాతో నా బిడ్డ కోసం మొక్కు అన్నాడు, చెల్లెలితో నా బిడ్డ మీద ఒట్టు వేయించుకున్నాడు. నేను ఏడాది ఉప్పు మానింది దేవుడి కోసమా, డాక్టరు కోసమా? సూర్యుడికి దోసిలి పట్టింది కూడా నటనేనా? కాదని ఆడపడుచు అంటుంది. జబ్బని తెలిసిన రోజు వాళ్లింట్లోనే కూర్చుని, ఎలాగూ ఉప్పు మానాలి, బిడ్డ పేరన మానితే పుణ్యమన్నా వస్తాది అన్నాడట. అయి ఉండొచ్చు. ఆయన అలాంటివాడే, ఒక్క ప్రయాణంలో రెండు పనులు చూసుకునేవాడు. కానీ నన్ను ఆ బండి వెనక కూర్చోబెట్టుకుని, ఎక్కడికి వెళ్తున్నామో చెప్పలేదు.

బస్సు ఎక్కేదాన్నా? నిజం చెప్పాలంటే నాకు తెలియదు. ఎక్కేదాన్నేమో. టెక్కలి దాటి వెళ్లి, అమ్మ ఇంటి గుమ్మం చూసి, అదే బస్సుకి వెనక్కి వచ్చేదాన్నేమో. రాకపోయేదాన్నేమో. ఏదైనా అది నా బస్సు. చెడ్డదాన్నో, మంచిదాన్నో తేల్చుకునే రోజు నాకు రావాల్సింది. ఎప్పుడో నవ్వుతూ అన్న మాటను పట్టుకుని ఆయనే తేల్చేశాడు, నేను వెళ్లిపోయేదాన్నని. దానికి నేను ఆయన్ని క్షమించలేదు. పటం ముందు దీపం పెడతాను, పూలు పెడతాను. క్షమించలేదు.

ఆడపడుచుతో రెండేళ్లు మాటలు లేవు. రోడ్డెక్కాలంటే వాళ్ల ఇంటి ముందునుంచే వెళ్లాలి. ముఖం తిప్పుకునే వెళ్లేదాన్ని. పూండి వైపు ఒక చిన్న యూనిట్‌లో జీడిపప్పు పొట్టు తీసే పనికి చేరాను. ఆయన లాగే చీకటితో లేస్తున్నాను. తూర్పుకి తిరిగి దండం పెట్టడం మాత్రం రాలేదు. చెట్టుకు కత్తి తగలనివ్వలేదు. కాయలు ముదిరి వాటంతటవే పడతాయి. పడిన చప్పుడుకి ఉలిక్కిపడతాను.

పోయిన వారం పాప బడినుంచి వచ్చి, సంచి దించకుండా గుమ్మంలోనే నిలబడింది. ఇప్పుడు దానికి ఎనిమిది.

"అమ్మా, నాన్న మన సెట్టు నీళ్లు తాగి సచ్చిపోయినాడటేటి?"

"ఎవులన్నారే?"

"బల్లో అన్నారు. అమ్మా... నువ్విచ్చిందా? నానిచ్చిందా?"

అది ఏడవడం లేదు. ఎన్ని రోజులనుంచి లోపల పెట్టుకుందో, లెక్కల్లో అనుమానం అడిగినట్టు అడిగింది. రెండు బొండాల్లో ఏది? ముందుదా, వెనకదా? దగ్గరకు లాక్కుని, రెండూ కాదే, నాన్నకి జబ్బే అన్నాను. నమ్మలేదు. నా గొంతు కూడా కిందికి జారే ఉంటుంది. అబద్ధం చెప్పానా, నిజం చెప్పానా, నాకే తేలలేదు.

ఆ సాయంత్రమే ఆడపడుచు ఇంటికి వెళ్లాను. రెండేళ్ల తర్వాత ఆ గుమ్మం. అది అన్నం తింటోంది, కంచం ముందునుంచి లేచి నిలబడింది.

"కాయితం, కలం తీసుకుని రా. రాయాల."

"ఏటి వదినా?"

"మీ అన్నియ్య నన్నేటి సేసినాడో. నువ్వేటి సేసినావో. నా గుంట సదువుకోడానికి."

వచ్చింది. నాలుగు సాయంత్రాలుగా వస్తోంది. బియ్యం డబ్బా పక్కన చాప మీద కూర్చుని రాస్తోంది.

పాపా, నువ్వు పెద్దయ్యాక ఇది చదువు. ఇంకెవరో అరిచి చెప్పకముందే చదువు. నీ చేతిలో బొండం పెట్టింది నేను. నా చేతిలో అబద్ధం పెట్టింది వాళ్లిద్దరు. నీకు తెలియదు, నాకు తెలియదు. తెలిసినవాడు నీ నాన్న ఒక్కడే ఆ చెట్టు కింద ఉన్నాడు. వద్దు అని ఒక్క మాట అంటే సరిపోయేది. నీ ముఖం చూసి అనలేకపోయాడు, నా ముఖం చూసి అనలేకపోయాడు. అది ప్రేమేనంటుంది మీ అత్త. కావచ్చు. కానీ ఆ ప్రేమ నీ రెండు చేతుల్లోకి ఏం పెట్టి వెళ్లిందో ఆయన చూసుకోలేదు. అందుకు మాత్రం నేను ఆయన్ని ఎదురుగా నిలబెట్టి అడగాలి, అడగడానికి ఆయన లేడు. ఆ తప్పు నీది కాదు. నీ బొండానిది కాదు, నా బొండానిది కాదు.

ఇంక రాయడం ఆపు మరదలా. ఎన్ని కాగితాలయ్యాయి? ఇలా నా పక్కకు జరుగు. వేలు తీయి, ఏ వరస మీదా బొటనవేలు ఉండకూడదు. నాకు అక్షరం రాదు, నువ్వు ఏం రాశావో నేను చూసి చెప్పలేను. నీ గొంతు మాత్రం నాకు తెలుసు. ఎక్కడ జారినా పట్టుకుంటాను.

"సదువు. మొదట్నుంచి సదువు. ఈపాలి కాయితంలో ఉన్నదే సదువు."